పాఠమునకు వెనుకనున్న ప్రశ్న

విద్యార్థి చేతికి మొదట వచ్చునది పాఠ్యపుస్తకము. అందు నిర్ణయములుండును, ఆ నిర్ణయములు ఎట్లు ఏర్పడినవో సాధారణముగా ఉండదు. ఫలానా సంవత్సరమున ఫలానా యుద్ధము జరిగెనని అతడు చదువును, అప్పగించును, పరీక్షలో వ్రాసి మార్కులు పొందును. ఆ సంగతి ఎవరికి, ఎట్లు తెలిసినదని అడుగుట అతనికి తోచదు. తోచినను అడుగుటకు వేళ చిక్కదు. గాదెలోని ధాన్యమును మాత్రమే చూచిన బాలునకు దుక్కియు, విత్తును, కలుపుతీతయు తెలియనట్లే, పాఠ్యపుస్తకమును మాత్రమే చూచినవానికి విజ్ఞానము పండు తీరు తెలియదు. ఆ పొలమును చూపునవి శాస్త్రగ్రంథములు.

శాస్త్రగ్రంథమనగానే పెద్ద సంపుటము, పుటకు సగము అధోజ్ఞాపికలు, పండితులకు తప్ప అన్యులకు కొఱుకుడుపడని భాష అని ఒక భయము కలదు. ఆ భయము కొంతవరకు న్యాయమే. కాని మేలైన గ్రంథముల మూలమును వెదకి చూచినచో, అక్కడ కనబడునది బడిపిల్లవాడైనను అడుగదగిన చిన్న ప్రశ్న. చరిత్ర దేనికి? మనుష్యుడు ముసలివాడైనంతనే లోకము అతనిని వేరుగా చూచుటయేల? చదువు ఎవరికొఱకు? అందరిదియైన సొత్తును ఎవరు కాపాడవలెను? ఇరువదవ శతాబ్దమున ఈ నాలుగు ప్రశ్నలనుండి నాలుగు గ్రంథములు పుట్టినవి. వానిని వ్రాసినవారు వేర్వేరు శాస్త్రములవారు. అయినను వారి పనిలో ఉపాధ్యాయునకును విద్యార్థికిని ఉమ్మడిగా పనికివచ్చు పాఠమొకటి కలదు.

చరిత్ర దేనికి?

ఫ్రాన్సు దేశపు చరిత్రకారులు మార్క్ బ్లోక్ 1886లో జన్మించిరి. 1929లో లూసియన్ ఫెవ్ర్‌తో కలిసి ‘అనాల్’ పత్రికను స్థాపించిరి. పట్టాభిషేకములతోను యుద్ధములతోను నిండియున్న చరిత్రను నాగలి, పొలము గట్టు, నాణెము, జనుల నమ్మకము అనువానివైపు మరల్చినవారిలో ఆయన ముఖ్యులు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు 53 ఏండ్ల వయసున, ఆరుగురు బిడ్డల తండ్రియయ్యు, ఆయన తిరిగి సైన్యమున చేరిరి. 1940లో ఫ్రాన్సు ఓడిపోయినది. యూదుడగుటచే ఆయన ఉద్యోగమునకు ముప్పు వచ్చినది. సొంత గ్రంథాలయము దూరమైనది. అట్టి దినములలో, చేతికి పుస్తకములందక, జ్ఞాపకమునే ఆధారము చేసికొని, చరిత్రకారుని వృత్తిని గూర్చి ఆయన ఒక గ్రంథము వ్రాయసాగిరి. చరిత్రవలన ప్రయోజనమేమని బాలుడొకడు చరిత్రకారుడైన తన తండ్రిని అడిగిన ప్రశ్నతో అది ప్రారంభమగును.

గ్రంథము పూర్తికాలేదు. జర్మనుల ఆక్రమణను ఎదిరించు రహస్యోద్యమమున చేరిన బ్లోక్‌ను 1944 మార్చిలో లియాన్ నగరమున పట్టుకొనిరి. చిత్రహింసలు పెట్టి, జూన్ 16వ తేదీన ఇతర ఖైదీలతోపాటు కాల్చి చంపిరి. మిగిలిన వ్రాతప్రతిని ఫెవ్ర్ 1949లో వెలువరించిరి.

ఆ గ్రంథము నేర్పు మెలకువలలో ఒకటి ఏ తరగతిలోనైనను చెప్పదగినది. ముందు తరములవారు చూడవలెనని కోరి వ్రాయించిన వ్రాతకంటె, తనకు తెలియకయే సాక్ష్యమిచ్చు వస్తువును ఎక్కువ నమ్మవచ్చును. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనమును ఈ దృష్టితో చూడవచ్చును. 1244 ప్రాంతమున వేసిన ఆ శాసనము సముద్రవర్తకులకిచ్చిన అభయము. ఓడ పగిలి ఒడ్డునబడిన సరకును పూర్వరాజులు లాగికొనెడివారనియు, తాను న్యాయమైన సుంకము తప్ప మఱేమియు కొననియు ప్రభువు చాటెను. అది రాజు చెప్పదలచిన మాట. అందలి సుంకముల పట్టికలోనో, చందనము, కర్పూరము, ముత్యములు మున్నగు సరకుల పేర్లు కలవు. రాజు ధర్మబుద్ధిని గూర్చి శాసనము పలికినదానిని తూచి గ్రహింపవలెను. ఆ రేవున ఏ సరకు దిగుచుండెనో ఆ పట్టిక దాపఱికము లేక చెప్పుచున్నది. ఈ భేదమును ఒక్కసారి చూచిన విద్యార్థి చరిత్రను మఱల కంఠస్థము చేయవలసిన పట్టికగా భావింపడు.

వార్ధక్యము ఎవరి సమస్య?

సిమోన్ ద బోవార్ పేరు స్త్రీల స్థితిని గూర్చి 1949లో వ్రాసిన గ్రంథముచే లోకప్రసిద్ధమైనది. 1970లో, తమకు 62 ఏండ్లు వచ్చినప్పుడు, ఆమె వార్ధక్యమును గూర్చి మఱియొక పెద్ద గ్రంథము ప్రకటించిరి. అందు రెండు భాగములు. మొదటి భాగమున ముసలితనమును వెలుపలినుండి చూచిరి: జీవశాస్త్రమేమి చెప్పును, వివిధ జాతులవారు తమ వృద్ధులను ఎట్లు చూచిరి, చరిత్రలో ఆ చూపు ఎట్లు మాఱినది, నేటి సమాజమున పింఛను పొందువాని బ్రతుకేమి. రెండవ భాగమున లోపలినుండి చూచిరి: శరీరము మాట విననప్పుడు, గతము పెరిగి భవిష్యత్తు తరిగినప్పుడు మనుష్యుడు తన్ను తాను ఎట్లెఱుగును.

ఆమె తేల్చిన విషయము కఠినమైనది. ముసలితనము కేవలము దేహధర్మము కాదు. నలువది ఏండ్లు యంత్రమువద్ద అరిగిపోయిన కార్మికుని వార్ధక్యము వేరు, ఆస్తిపరుని వార్ధక్యము వేరు. పని తీరగానే మనుష్యుని ప్రక్కకు నెట్టు సమాజము, అతడు పనిలోనున్న దినములలోను అతనిని పనిముట్టుగానే చూచినదని ఆమె వాదము.

ఈ గ్రంథము ఫ్రాన్సు నేపథ్యమున పుట్టినది. ఉమ్మడి కుటుంబపు నీడ ఇంకను కొంత మిగిలియున్న దేశమునకు దాని మాటలన్నియు యథాతథముగా వర్తింపవు. అయినను 2011 జనాభా లెక్కలనాటికి భారతదేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైబడిరి. తల్లిదండ్రులకు బిడ్డలు నెలనెలయు భరణమీయవలెనని ఉత్తరువు చేయుటకు 2007లో చట్టమొకటి చేయవలసివచ్చినది. చట్టము పైకము ఇప్పింపగలదు, పలకరింపును ఇప్పింపలేదు. ఆ రెండవ దానిని గూర్చిన ఆలోచన ఇంటను బడిలోను మొదలు కావలెను.

చదువు ఎవరికొఱకు?

బ్రెజిల్ దేశమునకు చెందిన పౌలో ఫ్రెయిరి 1921లో రెసిఫీ నగరమున పుట్టిరి. అక్షరములు రానివారికి ఆ దేశమున నాడు ఓటు హక్కు లేదు. 1963లో అంగికోస్ అను చిన్న పట్టణమున ఆయన పద్ధతిచే సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల బోధనతో చదువను వ్రాయను నేర్పిరి. పాఠములకు ఎన్నుకొనిన పదములు ఆ శ్రామికుల బ్రతుకునుండియే వచ్చినవి. ‘ఇటుక’ అను అర్థముగల పదమును తీసికొని, మొదట దానిని గూర్చి మాటలాడించి, పిదప అందలి అక్షరమును త, తె, తి, తొ, తు అని విస్తరింపజేసెడివారు. గుణింతము నేర్చిన తెలుగు బాలునకు ఈ పద్ధతి పరిచితమే. విశేషమేమనగా, అచట గుణింతమునకు ముందు సంభాషణ వచ్చినది: ఈ ఇటుకను చేసినవాడెవడు? దీనితో కట్టిన ఇల్లు ఎవరిది?

1964లో సైనికులు అధికారమును చేజిక్కించుకొనిరి. ఫ్రెయిరిని సుమారు 70 దినములు చెఱలో ఉంచిరి. పిదప ఆయన దేశము విడిచి, చిలీలో ప్రవాసమున నుండగా పీడితుల బోధనాశాస్త్రమును వ్రాసిరి. 1970లో అది ఆంగ్లమున వెలువడినది. ఉపాధ్యాయుడు జమ చేయువాడుగను, విద్యార్థి జమయగు పెట్టెగను ఉన్న చదువు చదువు కాదనియు, ఇరువురును కలిసి లోకమును పరిశీలించుటయే చదువనియు అందలి సారము. అరువదిమంది పిల్లలు, నలువది నిమిషముల గంట, వచ్చే మాసమున పరీక్ష అనునవి గల ఉపాధ్యాయుడు ఇది ఎట్లు సాధ్యమని అడుగవచ్చును. అడుగుట న్యాయము, ఆ గ్రంథమున దానికి సులభమైన సమాధానము లేదు. కాని పాఠములో ఒక్క ప్రశ్ననైనను విద్యార్థి నోట పుట్టనిచ్చుటకు ఏ నిబంధనయు అడ్డము రాదు.

అందరి సొత్తు

‘ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చె’ నని తెలుగు సామెత. 1968లో గారెట్ హార్డిన్ అను జీవశాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో ఇంచుమించు ఈ మాటనే శాస్త్రవాదముగా నిలిపెను. ఊరుమ్మడి పచ్చికబయలున ప్రతి కాపరియు ఒక్కొక్క పశువును ఎక్కువ చేయుచు పోవును. లాభము తనది, నష్టము అందరిది. కడకు బయలు నశించును. కాబట్టి అట్టి సొత్తును ప్రభుత్వమైనను చేపట్టవలెను, వ్యక్తులకైనను పంచవలెనను అభిప్రాయము విధానకర్తలలో బలపడినది.

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయాచార్యులు ఎలినార్ ఆస్ట్రమ్ ఈ వాదమును ఊహతో కాక, ఊళ్ల దస్తావేజులతో పరీక్షించిరి. ఉమ్మడి వనరుల పాలనను గూర్చిన ఆమె గ్రంథము 1990లో వెలువడినది. స్విట్జర్లాండులోని టోర్బెల్ గ్రామస్థులు 1483లోనే ఉమ్మడి భూములకు సంఘమేర్పరచుకొనిరి. చలికాలమున తాను మేపగలిగినన్ని ఆవులనే వేసవిలో కొండ పచ్చికకు తోలవలెనని 1517లో కట్టడి చేసికొనిరి. స్పెయిన్‌లోని వెలన్షియాలో కాలువ తగవులను ప్రతి గురువారము ప్రధాన దేవాలయద్వారమువద్ద రైతుల న్యాయసభయే విని తీర్చును. ఇట్టి నిలిచిన ఏర్పాటులతోపాటు, చెడిపోయిన ఏర్పాటులను కూడ ఆమె దాచక చూపి, నిలుచుటకు కావలసిన ఎనిమిది లక్షణములను పేర్కొనిరి. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

ఈ చర్చలో తెలుగునాటి గ్రామములకును చోటు కలదు. రాబర్ట్ వేడ్ అను పండితుడు రాయలసీమలోని కర్నూలు ప్రాంతమున 31 గ్రామములను పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కొన్ని గ్రామములవారు, పైవారెవరును చెప్పకయే, ఊరి పెద్దల సభ నేర్పరచుకొని, ఉమ్మడి నిధి కూర్చుకొని, చేలకు కాపలావారిని, కాలువ నీరు పారించుటకు మనుష్యులను జీతములపై పెట్టుకొనిరి. ప్రక్క ఊళ్లలో ఇట్టిదేమియు లేదు. భేదమునకు కారణము మంచితనము కాదు. కాలువ చివరనుండి నీరు అందునో అందదో అను భయమున్న ఊళ్లలో కూడిపని ఎక్కువగా కనబడినది. ఒంటరిగా నష్టపడుటకంటె కలిసి కాపాడుకొనుట లాభమైనచోట రైతు కలిసెను. ఆ గ్రంథము ఆంగ్లమున వెలువడినది. ఆ కాలువగట్టుపై కాపలా కాచినవారు తెలుగువారు.

నాలుగింటను ఒకే పాఠము

ఈ నాలుగు గ్రంథములును లోపరహితములు కావు. ఫ్రెయిరి శైలి పలుచోట్ల క్లిష్టము. చిన్న ఊళ్లలో ఆస్ట్రమ్ కనుగొనిన నియమములు దేశదేశముల గాలికిని సముద్రములకును ఎంతవరకు వర్తించునో తేలవలసియున్నది. కాని పాఠకుడు ఇట్లు ఎదురు చెప్పగలుగుటయే శాస్త్రగ్రంథపు గొప్పదనము. అది తన సాక్ష్యమును ఎదుట పరచును. తనకు విరుద్ధమైనదానిని కూడ పేర్కొనును. కాదనుటకు కావలసిన పనిముట్టును తానే చదువరి చేతికిచ్చును. నమ్ముమని మాత్రమే చెప్పు పుస్తకమునకును దీనికిని అంతరమిదియే. వదంతులు గడియలో లోకమంతయు చుట్టివచ్చు ఈ కాలమున, సాక్ష్యమడుగు అలవాటు లేని విద్యార్థికి ఎన్ని మార్కులు వచ్చినను రక్షణ లేదు.

తెలుగున ఇట్టి పనికి పునాది లేకపోలేదు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెలుగువారి యిండ్లకు చేర్చుటకు పూనుకొన్నది. కొమర్రాజు లక్ష్మణరావుగారు దానికి ప్రాణము. ఉన్నతవిద్యకు తెలుగున గ్రంథములు కూర్చుటకై 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. చేయవలసినది ఇంకను ఎంతయో కలదు. పెద్ద గ్రంథము అనువాదమై వచ్చువఱకు ఉపాధ్యాయుడు చేతులు కట్టుకొని కూర్చుండనక్కఱలేదు. ఊరి చెఱువు తూము ఎవరి వంతున తెఱతురో, ఆ వంతులు ఎప్పుడు ఏర్పడినవో పిల్లలను కనుగొని రమ్మనవచ్చును. వారు మొదట వెళ్లవలసినది ఊరి వృద్ధులవద్దకు. తరువాత చూడవలసినది గుడిముందరి శాసనమును, కచ్చేరిలోని పాత లెక్కలను. ఇద్దరు వృద్ధులు రెండు విధములుగా చెప్పినచో మఱియు మంచిది. ఏది నిజమో, ఎందుచేతనో ఆ పిల్లలే వాదించి వ్రాసికొని వత్తురు. చరిత్రయు, వార్ధక్యమును, విద్యయు, ప్రకృతిసంపదయు ఆ ఒక్క నోటుపుస్తకమున కలియును.