ఎక్స్‌రేకు కనబడని ఎముక మరణము

కోవిడ్ నుండి కోలుకున్నవారిలో కొందరికి గజ్జలలో నొప్పి మొదలైనది. ముంబయి హిందూజా ఆసుపత్రికి చెందిన డాక్టర్ సంజయ్ అగర్వాలా బృందము అట్టి ముగ్గురి వివరములను 2021లో ప్రకటించినది. వారు వాడిన ప్రెడ్నిసొలోన్ సగటున 758 మిల్లీగ్రాములు. కోవిడ్ నిర్ధారణ అయిన సగటున 58 రోజులకు బాధ కనబడినది. ప్రాణము నిలిపే స్టెరాయిడ్ మందే తొడ ఎముక తలను చంపగలదన్న మాట. ఆ మరణము ఎందుకంత ఆలస్యముగా బయటపడుతుందో మేమిక్కడ వివరింపదలచినాము.

తుంటి గిన్నెలో తిరిగే బంతి వంటి ఈ తలకు రక్తము తెచ్చే నాళములు సన్ననివి; ఒకటి మూసుకొనిపోతే ఆదుకొనే దారులు తక్కువ. స్టెరాయిడ్ అధికమైతే మూలుగలోని కొవ్వుకణములు ఉబ్బుతాయి. చుట్టూ గట్టి ఎముక ఉన్నందున వాటికి చోటు చాలదు. ఒత్తిడి పెరిగి సూక్ష్మనాళములు నలుగుతాయి. మొదట మూలుగ, పిదప ఎముక కణములు నశిస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ కణముల గూళ్ళు ఖాళీగా ఉంటాయి.

అయితే కణము చచ్చినంత మాత్రాన ఎముకలోని సున్నము కరగిపోదు. ఎక్స్‌రే చూచేది ఆ సున్నమునే. యజమాని పోయిన ఇల్లు వీధిలోనివారికి నిన్నటివలెనే కనబడునట్లు, చచ్చిన ఎముక అందులో ఆరోగ్యముగానే కనబడుతుంది. ఎం.ఆర్.ఐ. చూచేది మూలుగలోని కొవ్వును, నీటిని. కనుక చాల ముందుగానే మృతభాగపు అంచున నల్లని గీత దొరుకుతుంది. కొన్ని చిత్రములలో దాని లోపలివైపు తెల్లగీత జతపడుతుంది. నల్లనిది గట్టిపడిన ఎముక, తెల్లనిది రక్తనాళములతో కొత్తగా పెరిగే మెత్తని కణజాలము. అవి మృత్యువు గీతలు కావు, బ్రతికిన భాగము మరమ్మతుకు వచ్చిన జాడలు.

విచిత్రమేమనగా, ఆ మరమ్మతే చేటు తెస్తుంది. పాత ఎముకను తొలగించే పని త్వరగా, కొత్తదానిని నిలిపే పని నెమ్మదిగా సాగుటచే, శరీరభారము క్రింద మృదులాస్థికి దిగువన ఎముక విరుగుతుంది. అప్పుడు గాని ఎక్స్‌రేలో నెలవంక వంటి చీలిక కనబడదు. ఆపై బంతి నొక్కుకొనిపోతుంది. చాలమందికి కృత్రిమ కీలే శరణ్యము.

స్టెరాయిడును నిందించుట మా ఉద్దేశము కాదు. 2020లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, వెంటిలేటరుపై నున్న కోవిడ్ రోగుల మరణములను డెక్సామెథసోన్ సుమారు మూడవ వంతు తగ్గించునని తేల్చినారు. వైద్యుడు వ్రాసినదానిని స్వయముగా ఆపుట ప్రమాదము. కీళ్ళనొప్పికి పేరైనా అడగక పొట్లములోని మాత్రలు మింగుటయే మన పల్లెలలో మమ్ము కలవరపెట్టే అలవాటు.

స్టెరాయిడ్ వాడినవారికి గజ్జలోనో, ఒక్కొక్కప్పుడు మోకాలిలోనో నొప్పి వస్తే, ఎక్స్‌రే బాగున్నదని అనకాపల్లికి తిరిగి రాకూడదు. విశాఖపట్నములోనైనా సరే, రెండు తుంట్లకూ ఎం.ఆర్.ఐ. అవసరమేమో వైద్యుని అడగవలెను. నొప్పి లేని తుంటిలోనూ వ్యాధి దాగియుండుట సామాన్యమే. నెలవంక పొడసూపక ముందైతే, ఎముకకు రంధ్రము చేసి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్సకు ఇంకను అవకాశమున్నది.