ఆ తువాలు ఎవరూ కట్టలేదు

లెంటు రోజులు వచ్చాయంటే చాలు, క్రైస్తవ కుటుంబాల్లో ఇల్లాళ్ళు ఏదో ఒకటి మానేస్తారు. ఒకరు కాఫీ, ఒకరు మాంసం, ఇంకొకరు కొత్త చీర. 40 రోజులు నిష్ఠగా ఉంటారు. మంచిదే! కానీ ఆ మిగిలిన కాఫీ ఖర్చు ఏమైందని ఎప్పుడైనా ఆలోచించారా? వదులుకున్నది అవసరంలో ఉన్నవాళ్ళకి చేరినప్పుడే కదా దానికి సార్థకత!

కొన్ని సంఘాల్లో ఓ చక్కని అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా గుడికి చేరుతుంది. ఇంట్లో ఎవరికీ ముద్ద తగ్గినట్టే తెలియదు. అవతల ఒక ఇంట్లో మాత్రం పొయ్యి వెలుగుతుంది.

సిలువకు ముందు రాత్రి యేసు కూడా ఇలాంటి ఇంటిపనే చేశాడు. భోజనం దగ్గర లేచి, నడుముకు తువాలు కట్టుకుని, శిష్యుల కాళ్ళు కడిగాడు. అది ఆ రోజుల్లో పనివాళ్ళు చేసే పని. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ తువాలు ఆయనకి ఎవరూ కట్టలేదు. తనంతట తానే కట్టుకున్నాడు.

గుంటూరు డాక్టరమ్మ

అలా తనంతట తానే సేవకు పూనుకుని మన గుంటూరుకు వచ్చిన స్త్రీ డాక్టర్ అన్నా సారా కుగ్లర్. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. 1879లో వైద్యవిద్య పూర్తిచేశారు. గుంటూరులో పనిచేస్తున్న ఒక మిషనరీ రాసిన ఉత్తరం ఆమె మనసును ఇటు తిప్పింది. అప్పట్లో ఘోషాలో ఉండే స్త్రీలు ప్రాణం మీదికి వచ్చినా మగ డాక్టరు చేత నాడి చూపించుకునేవారు కాదు. పురుడు కష్టమైతే మంత్రసాని, ఆపైన దేవుడు!

వస్తానన్నారు కుగ్లర్. అయితే ఆమెను పంపే లూథరన్ మిషన్ వారు వైద్యసేవకు ఇంకా సిద్ధంగా లేరు. స్త్రీలకు చదువు చెప్పే పనికైతే పంపుతామన్నారు. ఎంత కష్టపడి చదివిన చదువు! అయినా ఆమె సరేనన్నారు. మందులు, పరికరాలు మాత్రం వెంట తెచ్చుకున్నారు. 1883 చివర్లో గుంటూరు చేరారు.

డాక్టరమ్మ వచ్చిందని తెలిస్తే ఆడవాళ్ళు ఊరుకుంటారా? కబుర్లు రావడం మొదలైంది. పరాయి మనిషి కలిపిన మందు తాగితే మడి పోతుందని జంకే ఇళ్ళూ ఉండేవి. ఆమె ఓపిక పట్టారు. 1885లో మిషన్ వారే ఆమెను వైద్య సేవకురాలిగా నియమించారు. 1893లో డిస్పెన్సరీ, 1898లో 50 పడకల ఆస్పత్రి వెలిశాయి. తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు, రోగుల వెంట వచ్చే హిందూ బంధువుల కోసం ఒక సత్రం కట్టించారు. 1930లో కుగ్లర్ ఆ ఆస్పత్రిలోనే కన్నుమూశారు. తర్వాత అది కుగ్లర్ ఆస్పత్రిగానే పేరుపడింది.

త్యాగమా? అలవాటా?

ఆమె పుట్టిన ఊరును వదులుకున్నారు, తన విద్యను మాత్రం వదులుకోలేదు. మనం ఇక్కడే పొరబడుతుంటాం. అందరూ తిన్నాక అడుగంటిన కూరతో సరిపెట్టుకోవడం, జ్వరం వచ్చినా చెప్పకుండా పనిచేయడం... వీటిని త్యాగం అంటారు ఇంట్లోవాళ్ళు. దానివల్ల ఎవరికి మేలు జరిగింది చెప్పండి? ఎవరో మన నడుముకు కట్టిన తువాలు వేరు, మనం ప్రేమతో కట్టుకున్నది వేరు. ముందు వేళకు మీరూ తినండి. ఒంట్లో బాగుంటేనే కదా ఇంకొకరిని ఆదుకోగలిగేది!

మీరేం చేయవచ్చు?

మతం ఏదైనా సరే, ఇవి మన చేతిలో పనులే. ప్రభుత్వాస్పత్రి పురిటి వార్డులో తోడు లేని బాలింతలు ఉంటారు. నర్సును అడిగి, ఆమె తినవచ్చన్నది ఒక పూట పట్టుకెళ్ళండి. మీకు కుట్టుపని వస్తే వారానికి ఒక గంట పక్కింటి పిల్లకు నేర్పండి. చదువురాని పనిమనిషికి బ్యాంకు కాగితాలు నింపిపెట్టండి, సంతకం పెట్టడం కూడా నేర్పించండి. చేసినదాన్ని పదిమందికీ చెప్పుకోకండి.

రేపు వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు పక్కన తీసి చూడండి. నెల తిరిగేసరికి ఆ డబ్బా ఎవరింటికి చేరాలో మీకే తెలుస్తుంది.