అంకెలు అల్లే తరంగం

తిరుపతి సమీపంలోని గాదంకిలో 1990వ దశకం తొలినాళ్ల నుంచి పనిచేస్తున్న ఎమ్మెస్టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల రేడియో పల్సులను నింగిలోకి పంపి, గాలి పొరల నుంచి తిరిగివచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనులను బట్టి పవనాల వేగాన్ని లెక్కగడుతుంది. 1024 జతల యాగీ యాంటెన్నాలతో 130 మీటర్ల చదరంగా పరుచుకున్న ఈ రాడార్ గాలిని కొలిచే ఎత్తు సుమారు 20 కిలోమీటర్లు. రేడియో తరంగం అంత ఎత్తుకు పోయి రావడానికి 133 మైక్రోసెకండ్లు చాలు. ఆ కొద్ది వ్యవధిలో ఎంత సమాచారం చేతికి వస్తుందన్నది పంపిన పల్సు ఆకృతిపై ఆధారపడి ఉంటుంది.

ఒక మైక్రోసెకండు నిడివి గల పల్సుతో 150 మీటర్ల మందం గల పొరలను విడివిడిగా గుర్తించవచ్చు. పల్సు ఇంకా పొట్టిదైతే వివరం పెరుగుతుంది గాని శక్తి తగ్గి ప్రతిధ్వని రొదలో మునిగిపోతుంది. పొడవైతే శక్తి పెరిగినా పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఈ చిక్కును విడదీయడానికి పొడవైన పల్సును ఒక్కో మైక్రోసెకండు ముక్కలుగా భావించి, ఒక క్రమం ప్రకారం కొన్ని ముక్కల్లో తరంగాన్ని తలకిందులు చేస్తారు. తిరిగివచ్చిన ప్రతిధ్వనిని అదే క్రమంతో పోల్చి చూస్తే పొడవైన పల్సు పొట్టిదానిగా కుదించుకుంటుంది. మార్సెల్ గోలే 1961లో వివరించిన పూరక సంకేతాల జంటలో, ఒక క్రమం కుదింపులో మిగిల్చే అవాంఛిత అంచులు రెండో క్రమం మిగిల్చే అంచులకు సరిగ్గా వ్యతిరేకంగా ఉంటాయి కాబట్టి, రెండు ఫలితాలను కూడితే అవి పూర్తిగా చెల్లిపోతాయి. గాదంకి వాడే 16 ముక్కల పల్సులకు మూలం ఈ సుందరమైన గణితమే.

ఇటువంటి తరంగాన్ని కోరినట్లు పుట్టించే సాధనాలలో వేగవంతమైన డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్, క్లుప్తంగా డీఏసీ, ముఖ్యమైనది. జ్ఞాపకంలో దాచిన అంకెలను క్లాక్ చప్పుడుకొకటి చొప్పున తీసుకుని, ప్రతి అంకెనూ దానికి తగిన వోల్టేజీగా మార్చడమే దీని పని. సెకండుకు 40 కోట్ల అంకెలు చదివే 14 బిట్ల డీఏసీ ఉందనుకుంటే, 16 మైక్రోసెకండ్ల పల్సు మొత్తం 6400 అంకెల వరుస అవుతుంది. ఒక్కో అంకె 16384 మెట్లలో ఏదో ఒకటి. సంకేతం మారాలంటే సర్క్యూట్‌ను తిరిగి కట్టనక్కరలేదు, అంకెల వరుసను మార్చితే చాలు. ఐచ్ఛిక తరంగ జనరేటర్ అని పిలిచే పరికరంలో ప్రధానంగా ఉండేవి ఈ డీఏసీ, జ్ఞాపకం, స్థిరమైన క్లాక్, చివర ఒక ఫిల్టర్.

ఇంత వేగం ఎందుకన్నది విశాఖపట్నంలో జరిగే జలాంతర పరిశోధనతో పోల్చి చూస్తే తెలుస్తుంది. 1969లో అక్కడ ఏర్పడిన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ జలాంతర ఆయుధాలపై పరిశోధన చేస్తుంది. నీటిలో కబురు మోసేది శబ్దం, దాని వేగం సెకండుకు సుమారు 1500 మీటర్లు. ఒకటిన్నర మీటర్ల తేడాను గుర్తించడానికి శబ్దానికి 2 మిల్లీసెకండ్ల పల్సు సరిపోతే, రేడియో తరంగానికి 10 నానోసెకండ్ల పల్సు కావాలి. అంటే వ్యవధిలో రెండు లక్షల రెట్ల తేడా. నీటిలో శబ్దంతో పనిచేసే సోనార్‌కు సామాన్యమైన డీఏసీ చాలిన చోట రాడార్‌కు చాలదు.

డీఏసీ ఇచ్చే వోల్టేజీ తదుపరి అంకె వచ్చేదాకా కదలక నిలిచి ఉంటుంది కాబట్టి వెలువడేది మెట్లమెట్ల తరంగం. ఆ మెట్ల వల్ల 53 మెగాహెర్ట్జ్‌తో పాటు 347 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే క్లాక్ పౌనఃపున్యమైన 400లో 53 తీసివేస్తే వచ్చే చోట, ఒక ప్రతిబింబం కూడా పుడుతుంది. దాని ఎత్తు అసలు తరంగంలో సుమారు 15 శాతం. దానిని ఫిల్టర్ అడ్డుకోకపోతే యాంటెన్నా దాకా పోతుంది. క్లాక్‌లో సగాన్ని, ఇక్కడ 200 మెగాహెర్ట్జ్‌ను, సమీపించే కొద్దీ అసలుకూ ప్రతిబింబానికీ మధ్య ఎడం తగ్గి ఫిల్టర్ పని దుర్భరమవుతుంది. అందుకే ఆ సగం దాకా పోకుండా చాలా ముందే ఆగడం వివేకం.

అమ్మకపు పత్రాలలో వేగానికీ బిట్లకూ దక్కే ప్రాధాన్యం క్లాక్ నాణ్యతకు దక్కకపోవడం విచారకరం. గాలి సెకండుకు 10 మీటర్ల వేగంతో రాడార్ వైపు వస్తే 53 మెగాహెర్ట్జ్ తరంగం పౌనఃపున్యం మారేది కేవలం 3.5 హెర్ట్జ్. ఐదు కోట్ల ముప్పై లక్షలలో మూడున్నరను పట్టుకోవలసిన చోట పంపేటప్పుడూ, వినేటప్పుడూ ఒకే స్థిరమైన క్లాక్ ఆధారం కావాలి. లేకపోతే క్లాక్ ఊగిసలాటే గాలిగా కనిపిస్తుంది.

తరంగాన్ని ఎడతెగకుండా వెలువరించాలంటే అంకెల వరుస చివర దాని మొదటికి అతుకు కనబడకుండా కలవాలి. పైన చెప్పిన డీఏసీలో 400 అంకెలకు 53 పూర్తి ఆవర్తనాలు సరిగ్గా ఇమిడిపోతాయి కనుక ఆ చిన్న వరుసను ఎంతసేపైనా తిప్పవచ్చు. 390 అంకెలు తీసుకుంటే యాభై రెండో ఆవర్తనం నడుమ తెగి, ప్రతి చుట్టుకూ ఒక కుదుపు వస్తుంది.

మెట్ల వల్ల 53 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం ఎత్తు 3 శాతం తగ్గుతుంది, 200 దగ్గర 64 శాతమే మిగులుతుంది. ఈ తరుగును అంకెలను ముందుగానే ఆ మేరకు పెంచి సరిదిద్దవచ్చు. తర్వాతి యాంప్లిఫయర్ తెచ్చే వంకరలను కూడా కొలిచి, వాటికి ఎదురు వంకరలను అంకెల్లోనే పెట్టవచ్చు. ప్రతిబింబాలను మాత్రం ఏ అంకెలూ తొలగించలేవు, ఆ పని ఫిల్టర్‌దే.