గుండె లయను నరం చెడగొడితే

వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె నెమ్మదిస్తుందని, ఆగిపోతుందని కూడా 1845లో వెబర్ సోదరులు చూపించారు. ఇలా గుండెకు విశ్రాంతినిచ్చే నరమే దాని లయనూ తప్పించగలదు. కొందరికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే కర్ణికలు పద్ధతి తప్పి వణకడం, సరిగ్గా భోజనం తర్వాతో నిద్రలోనో మొదలవుతుంది. వేగస్ జోరుగా ఉండే వేళలవి.

దీన్ని మనిషిలో ప్రయోగం చేసి చూడలేం గనక కుక్క గుండెను ఆశ్రయించారు. అది పెద్దది, నరాల అమరికలో మన గుండెను పోలింది. 1950లలో అమెరికాలో గోర్డన్ మో కుక్కల్లో వేగస్‌ను ప్రేరేపిస్తూ కర్ణికల్లో వణుకు పుట్టిస్తే, అది తనంతట తానే కొనసాగింది. వేగస్ కొసల నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్ కర్ణిక కణాల్లో ఒక రకం పొటాషియం మార్గాలను తెరుస్తుంది. దాంతో కణం త్వరగా తేరుకుని మరో స్పందనకు సిద్ధమవుతుంది. కానీ ఆ కొసలు అంతటా సమానంగా లేవు. ఒకచోట కండరం సిద్ధంగా ఉంటే పక్కది ఇంకా తేరుకోదు. విద్యుత్ తరంగం అక్కడ ఆగి, పక్కదారి పట్టి తిరిగొచ్చేసరికి మొదటి చోటు మళ్ళీ సిద్ధం. ఇక తరంగం సుడి తిరుగుతూనే ఉంటుంది.

చిట్టెలుక గుండె నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకుంటుంది. మనిషితో పోలికకు అంతగా పనికిరాదు. అయినా దానిలో జన్యువును తొలగించడం తేలిక. ఆ పొటాషియం మార్గం లేని చిట్టెలుకలకు ఎసిటైల్‌కోలిన్‌లా పనిచేసే మందు ఇచ్చినా ఫిబ్రిలేషన్ రాలేదని 2001లో తేలింది. మో చూసినదానికి ఇంతకన్నా సూటి రుజువు కష్టం.

ఒక చిక్కుంది. మో తరహా ప్రయోగాల్లో జంతువుకు ఇచ్చే మత్తుమందు నరాల తీరునే మార్చేస్తుంది. అందుకే పెంగ్ షెంగ్ చెన్ బృందం కుక్కల ఛాతీలో రేడియో పరికరాలు అమర్చి, అవి మెలకువగా తిరుగుతుండగా నరాల సంకేతాలు నమోదు చేసింది. లయ తప్పే ముందు వేగస్ ఒక్కటే కాదు, గుండెను ఉరకలెత్తించే సానుభూత నరాలూ చాలాసార్లు దానితో కలిసి చెలరేగాయి. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఫలితం ఇదే.

మరి గుండె మీది నరాల ముడులను కాల్చేస్తే జబ్బు పోతుందా? కుక్కల్లో చేసిన ప్రయోగాలతో ఆశ పుట్టింది. నెదర్లాండ్స్‌లో 240 మంది రోగులపై చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. శస్త్రచికిత్సలో ముడులనూ కాల్చినవారిలో ఏడాది తర్వాత జబ్బు తిరగబెట్టడం తగ్గలేదు, పైగా చిక్కులు పెరిగాయి. అందుకు కుక్కను తప్పుపట్టలేం. ప్రయోగశాలలోని కుక్క గుండె చాలాసార్లు ఆరోగ్యమైనది, ఆ రోగులది ముదిరిన జబ్బు. మాస్ట్రిక్ట్‌లో అలెస్సీ బృందం మేకల్లో వారాల తరబడి ఫిబ్రిలేషన్ నిలిపి, ఆ వణుకే కర్ణికను మార్చి తన ఉనికిని పదిలం చేసుకుంటుందని 1995లో చూపించింది. నరాల చికిత్సలను ముందు అలాంటి, అప్పటికే మారిపోయిన గుండెల మీద పరీక్షించాలి.