“గంటకెంత?” అని అడిగే ముందు...

ముహూర్తం కుదిరింది. ఫంక్షన్ హాలు మాట్లాడారు. వంటవాళ్లకు బయానా ఇచ్చారు. ఇక మిగిలింది బరాత్‌కు డీజే. పిల్లల ముచ్చట గదా, కాదనలేం. నాలుగు నంబర్లు రాసుకుని ఫోన్ చేస్తాం. అందరినీ మొదట అడిగేది ఒక్కటే మాట: “గంటకెంత తీసుకుంటవ్ తమ్మీ?”

ఒకరు గంటకు మూడు వేలంటారు. ఇంకొకరు గంటల లెక్క లేదమ్మా, మొత్తం పదిహేను వేలంటారు. “మూడు గంటల పాటలకు పదిహేను వేలా? గంటకు ఐదు వేలు పడ్తలేదా? పాటలు వేసుడేగా!” అని మనం ముక్కున వేలేసుకుంటాం. మూడు వేలాయనకే ఖాయం చేస్తాం.

అడగడంలో తప్పేమీ లేదు. పెళ్లి ఖర్చులో ప్రతి రూపాయీ చూసుకోవలసిందే. కాకపోతే గంటల లెక్కతో డీజే ధరను కొలవడం, వంటమనిషికి వడ్డించిన గంటకే కూలి లెక్కగట్టడం లాంటిది. అన్నం వండింది ఎప్పుడు? కూరలు తరిగింది ఎప్పుడు? ఆ గంటలు ఎవరి ఖాతాలో వేయాలి?

కొత్తవాడకు ఇది పాత ప్రశ్నే

వరంగల్ కొత్తవాడ వాళ్లకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడ “గంటకెంత” బదులు “అడుగుకెంత” అని అడుగుతారు, అంతే తేడా. కొత్తవాడ శత్రంజీలకు పేరు. కోస్తా వాళ్లు జంపఖానా అంటారే, అదే. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. వరంగల్ శత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా కొనవచ్చినవాళ్లు చేతి మగ్గం మీద నేసినదాన్నీ, మిషను మీద తీసినదాన్నీ పక్కపక్కన పరిచి, అడుగు లెక్కన పోల్చి, “అంతనా?” అంటారు.

మగ్గం మీద కూర్చున్న సమయమే నేతపని కాదు. రంగులద్దడం, నూలు తోడడం, పడుగు సిద్ధం చేయడం, కండెలు చుట్టడం, ఇవన్నీ అయితేనే మగ్గం ఆడేది. వీటిలో ఎక్కువ భాగం ఇంటి ఆడవాళ్లు వంట చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ చేసే పనే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు సుమారు 35 లక్షల మంది. వారిలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలే! అడుగు లెక్కన బేరమాడినప్పుడు ముందుగా మాయమయ్యేది ఈ చేతుల కూలే.

డీజే పిల్లవాడి కథా ఇంతే. మనకు కనిపించేది మిక్సర్ దగ్గర నిలబడ్డ మూడు గంటలు. కనిపించనిది చాలా ఉంది.

మూడు గంటల వెనుక ఎన్ని గంటలు?

బరాత్ డీజే అంటే పెట్టె తెచ్చి మీట నొక్కడం కాదు. బేస్ పెట్టెలు, టాప్‌లు, ఆంప్లిఫయర్లు, లైట్లు, జనరేటర్ అన్నీ బండి కెక్కించాలి. గుంతల రోడ్డు మీద పడిపోకుండా తాళ్లతో బిగించాలి. వైర్లు కలిపి, పలుకుతోందో లేదో చూసుకోవాలి. దీనికే మూడు గంటలు. పోవడానికి ఒక గంట. బరాత్ ఏడింటికి అంటారు గానీ పెళ్లికొడుకు ముస్తాబై వచ్చేసరికి తొమ్మిదవుతుంది. ఆ రెండు గంటలూ కూర్చోవాల్సిందే. పాటలు మూడు గంటలు. తిరిగొచ్చి సామాను దించేసరికి ఇంకో రెండు. మొత్తం పదకొండు గంటలు. నలుగురు మనుషులైతే నలభై నాలుగు గంటల పని!

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే. ఊరిని బట్టి, సామానును బట్టి మారుతాయి.

బండి కిరాయి 3,000. జనరేటర్, డీజిల్ 2,500. ముగ్గురు పనివాళ్లకు తలా 800 చొప్పున 2,400. రిపేర్లకు, తెగిన వైర్లకు 800. తిండికి, ఫోన్లకు 500. వీటికి తోడు సామాను అరుగుదల ఒకటుంది. నాలుగు లక్షలు పెట్టి కొన్న సెట్టు ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 80,000. ఏడాదికి నలభై పెళ్లిళ్లు దొరికాయనుకుందాం. పెళ్లికి 2,000 పడుతుంది. అన్నీ కలిపితే 11,200.

గంటకు మూడు వేల లెక్కన మూడు గంటలకు వచ్చేది 9,000. అంటే తన కష్టానికి పైసా రాకపోగా 2,200 చేతి నుంచి పోయాయి. పదిహేను వేలు అడిగినాయనకు మిగిలేది 3,800. దాంట్లోనే తన కూలి, బేరం కుదరకపోయిన ఫోన్లు, పాటల జాబితా కోసం ముందురోజు కూర్చున్న పూట, అన్నీ ఉన్నాయి.

ఆషాఢంలో కిస్తీ ఆగదు

ఏడాదికి నలభై పెళ్లిళ్లేనా అనిపించవచ్చు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పుష్యంలో ఉండవు. మూఢం వస్తే నెలల తరబడి బాజా మోగదు. మంచి ముహూర్తం ఉన్ననాడు ఊరంతా ఒకేసారి పెళ్లిళ్లు. ఒక్క సెట్టు ఒక్కచోటికే పోగలదు. మిగతా రోజులు అది ఇంటి ముందు గదిలో దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది.

సామాను కూర్చున్నా కిస్తీ కూర్చోదు. ఇలాంటి సెట్టు కొనడానికి అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటుంది, లేదా భార్య మెడలో గొలుసు కుదువకు పోతుంది. సంఘంలో కట్టకపోతే పదిమందిలో మాట పడేది ఆమే. బేరం తెగ్గొట్టుకుని వచ్చిన కొడుకు “పోనీలే అమ్మా, గిరాకీ వదులుకోవద్దని ఒప్పుకున్న” అంటే, ఆ తేడా పూడ్చేది ఇంటి సరుకుల డబ్బులోంచే. అందుకే ధర విషయం ఇంటి ఆడవాళ్లకు తెలిసి ఉండాలి. తెలియడమే కాదు, లెక్క పుస్తకం వాళ్ల చేతిలో ఉంటే ఇంకా మేలు.

ధర చెప్పడం ఎలా?

మీ ఇంట్లో డీజే నడిపేవారుంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. గిరాకీ “గంటకెంత” అన్నప్పుడు కోపగించుకోవద్దు. “అక్కా, మేం గంట లెక్కన ఇయ్యం. బండి, జనరేటర్, నలుగురు మనుషులు కలిపి మొత్తం ఇంత” అని నెమ్మదిగా చెప్పాలి. ఏమేమి వస్తాయో చిన్న చీటీ మీద రాసివ్వాలి. నోటితో చెప్పిన ధర గాలికి పోతుంది, రాసిచ్చిన ధరకు విలువుంటుంది.

తగ్గించమన్నప్పుడు ఊరికే తగ్గించకూడదు. “లైట్లు వద్దంటే ఇంత తగ్గుతుంది, రెండు బేస్ పెట్టెలు తగ్గిస్తే ఇంత” అనాలి. ఊరికే రెండు వేలు తగ్గిస్తే, ముందు రెండు వేలు ఎక్కువ చెప్పారన్న అనుమానం వాళ్లకు మిగులుతుంది. చెప్పిన సమయం దాటితే ఎంతో ముందే తేల్చుకోవాలి. పెళ్లినాటి రాత్రి అడిగితే గొడవే.

ఖర్చుకు కూడా రాని బేరాన్ని వదులుకోవడం నష్టం కాదు. ఆ రోజు ఇంట్లో పడుకున్నా 2,200 మిగిలినట్టే. అరుగుదల తీసేసి చూసినా చేతిలోంచి 200 పడుతున్నాయి మరి!

కొనేవారు ఏం అడగాలి?

ఎక్కువ చెప్పిన ప్రతివాడూ మంచివాడని కాదు. తక్కువ చెప్పినవాడు మోసగాడనీ కాదు. సొంత బండి ఉన్నవాడికి, ఇంటి పక్కనే పెళ్లయినవాడికి నిజంగానే తక్కువలో గిట్టవచ్చు. అందుకని ధరలు పోల్చే ముందు ఈ ప్రశ్నలు వేయండి. బండి, జనరేటర్ ధరలో కలిసే ఉన్నాయా, విడిగానా? సెట్టు సొంతదా, ఇంకొకరి దగ్గర తెస్తారా? ఆంప్లిఫయర్ చెడిపోతే రెండోది ఉందా? ఎంతమంది వస్తారు? బరాత్ ఆలస్యమైతే ఎంత? రాలేకపోతే బయానా వాపసు ఇస్తారా? ఈ జవాబులు వచ్చాక గంటకు మూడు వేలు ఏదో, మొత్తం పదిహేను వేలు ఏదో తేటతెల్లమవుతుంది. మూడు వేలాయన బండి, జనరేటర్ విడిగా అంటే అక్కడికే 14,500 అయ్యాయి!

ఇంకొక్క మాట. ధర ఎంతైనా కొన్ని గంటలు డబ్బుతో కొనలేం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగరాదు. అసలు లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. నిశ్శబ్ద మండలంగా ప్రకటించినచోట ఆసుపత్రి, బడి చుట్టూ వంద మీటర్లలో హద్దు ఇంకా తక్కువ. ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఉన్న ఊళ్లో ఇది మరీ గుర్తుంచుకోవాలి. “డబ్బులిచ్చినం, ఇంకో గంట వెయ్యి” అని పట్టుబడితే, సామాను పోలీసుల పాలయ్యేది ఆ పిల్లవాడిదే. బరాత్ తొందరగా బయలుదేరేలా చూడటం మన చేతిలో ఉన్న పని.

పాటల లైసెన్సు పేరుతో బిల్లులో పద్దు కనిపిస్తే మాత్రం అడగండి. పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేయడం కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఈ సంగతిని మళ్లీ స్పష్టం చేసింది.

బేరమాడండి, తప్పులేదు. అయితే పని ఎంతసేపు కనిపించిందో చూసి కాదు, ఎంత ఉందో చూసి ఆడండి. మీ ఇంట్లో జాకెట్లు కుట్టే అమ్మాయి ఉన్నా, గోరింటాకు పెట్టే చెల్లి ఉన్నా, శత్రంజీకి కండెలు చుట్టే అత్తమ్మ ఉన్నా, రేపు వాళ్ల పనికి ఎదుటివారు కట్టాలని మనం కోరుకునే లెక్క కూడా అదే కదా!