చేసిన పనికి చిట్టా

"ఈ ఏడాది ఏం చేశావోయ్?" అని ఎవరైనా అడిగితే మనకు మార్కులే గుర్తొస్తాయి. తక్కిన శ్రమంతా ఏమైనట్టు? అందుకే నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమ పేజీలో పొద్దున్నే చేయదలచిన పనులు, కుడి పేజీలో రాత్రికి చేసినవి. కాని పనికి కారణమూ రాస్తాను. నెలాఖరున తిరగేస్తే ఏ పని పదే పదే వాయిదా పడుతోందో తెలిసిపోతుంది.

శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే 1832 నుంచి తన ప్రయోగాల డైరీలో పేరాలకు వరుసగా అంకెలు వేశాడు. పాత విషయం కావాలంటే అంకె చూసుకుంటే చాలు. ఆ అంకెలు 16,000 దాటాయి. 1849లో గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ సంబంధం కోసం వెతికితే ఏమీ దొరకలేదు. అదీ శ్రద్ధగా రాసుకున్నాడు.

మార్కుల జాబితా కాలేజీ ఇస్తుంది. దాని వెనకున్న కష్టం మనమే రాసుకోవాలి. మిత్రులారా, రోజుకు రెండు వాక్యాలు రాసి చూడండి!