సైనికుని జాబు

సైన్యమున నున్న కుమారుని యొద్దనుండి జాబు వచ్చినప్పుడు, దానిని మనకంటె ముందే మఱియొకరు చదివియుండిరని తెలిసినచో మన మనస్సున కెట్లుండును? మొదటి ప్రపంచయుద్ధమున ఇది దినదినము జరిగిన సంగతి.

1914లో ఫ్రాన్సునకు పోయిన బ్రిటిషు సైన్యమున సాధారణ సైనికులు వ్రాసిన యుత్తరములను వారి దళమునందలి చిన్న యధికారియే చదివి, స్థలముల పేర్లు మొదలగునవి కొట్టివేసి, సంతకము చేసి పంపుచుండెను. శత్రువునకు జాడ తెలియకుండుటకు ఇది యవసరమే. కాని చదువువాడు అపరిచితుడు కాడు. భార్యతో తగవో, ఇంటి యప్పో, బిడ్డ జబ్బో వ్రాసికొన్నవాడు మఱునాటి యుదయమున ఆ యధికారి యెదుటనే కవాతునకు నిలువవలెను. అధికారులు మాత్రము తమ యుత్తరములకు తామే పూచీపడి సంతకము చేసికొనుచుండిరి. ఈ భేదము సైనికుల కంటబడకపోలేదు.

1915లో దీనికొక యుపాయము చేసిరి. ఆకుపచ్చ కవరు నొకదానిని ఇచ్చిరి. లోపల సొంత సంగతులును కుటుంబ సంగతులును తప్ప మఱేమియు లేవని తన గౌరవము సాక్షిగా సైనికుడు పైన సంతకము చేసినచో, దళాధికారి దానిని చదువడు. చదువవలసి వచ్చినను వెనుకనున్న స్థావరమున, ఆ సైనికుని ఎఱుగనివారే చదువుదురు. సైన్యపు జాగ్రత్తయు చెడలేదు, మనిషి మానమును నిలిచెను. ఈ కవరులు కోరినన్ని దొరకునవి కావు గాని, ఆలోచన మెచ్చదగినదే.

మన దేశపు సిపాయిల జాబులను పరీక్షించుటకు బూలోను పట్టణమున ప్రత్యేక కార్యాలయ ముండెను. పలువురు చదువురానివారగుటచే, జాబు ఇతరులచే వ్రాయించుకొనునప్పుడే సగము రహస్యము పోయెడిది. కొందరు తెలివిగా, మన సిపాయిలను మిరియములనియు తెల్ల సిపాయిలను ఎఱ్ఱ మిరపకాయలనియు వ్రాసిరి. పరీక్షించువారికి అదియు తెలిసిపోయెను!

ఇప్పుడు జాబు స్థానమున ఫోను వచ్చినది. 2020లో మన సైనికులు తమ ఫోనులనుండి ఫేస్‌బుక్ మొదలగు 89 యాప్‌లను తీసివేయవలెనని ఆజ్ఞ యయ్యెను. ఇది తన ఆంతరంగిక స్వేచ్ఛకు భంగమని ఒక యధికారి ఢిల్లీ హైకోర్టునకు పోగా, ఆ యేటి ఆగస్టులో వ్యాజ్యము కొట్టివేయబడెను. ఆంతరంగికత ప్రాథమిక హక్కేయని సుప్రీంకోర్టు 2017లో చెప్పినను, సైనికుల విషయమున అట్టి హక్కులను తగ్గించుటకు రాజ్యాంగపు 33వ అధికరణము పార్లమెంటునకు అధికార మిచ్చుచున్నది.

అయినను, అధికారి హద్దు మీఱి సిపాయి ఇంటి సంగతిని నలుగురిలో బయటపెట్టినచో దారి లేకపోలేదు. 1950 నాటి సైనిక చట్టపు 26వ సెక్షను ప్రకారము అతడు తన కంపెనీ యధికారితో చెప్పుకొనవచ్చును. ఫిర్యాదు ఆ యధికారిమీదనే యైనచో, అతని పై యధికారికి చెప్పుకొనవచ్చును. విన్నవారు సాధ్యమైనంత పూర్తిగా విచారింపవలెను. ఫిర్యాదులో తెలిసి యబద్ధము వ్రాసినవానికి 56వ సెక్షను క్రింద శిక్ష గలదు గనుక, విన్నమాటను గాక స్వయముగా ఎఱిగినదానినే వ్రాయవలెను. ఫిర్యాదు చేయవలసినవాడు కుమారుడే. ఇంటనున్న పెద్దలు చేయగలిగిన దేమనగా, ఏ దినమున, ఎవరి యెదుట, ఏమి జరిగెనో మఱవకముందే కాగితముమీద వ్రాసికొమ్మని అతనికి చెప్పుటయే.